కషాయం గ్లాసు ఎత్తేముందు: మూలికల వల్ల లివర్ చెడకుండా చూసుకోవడం ఎలా?

ముందు ఒక ఖాళీ చేతిసంచి తీసుకోండి. ఇంట్లో ఎవరెవరు ఏ ఆకు, ఏ చూర్ణం, ఏ కషాయం, ఏ క్యాప్సూల్ వాడుతున్నారో అన్నీ ఏరి అందులో వేయండి. ఫ్రిజ్ తలుపులో ఉన్న సీసా, మంచం పక్క డబ్బా, పూజగదిలో దాచిన పొట్లం, కొరియర్‌లో వచ్చి ఇంకా విప్పని బరువు తగ్గే పౌడర్, ఏదీ వదలొద్దు. ఎవరో ఇచ్చిన పసరు అయితే దాని పేరు చీటీ మీద రాసి వేయండి. పేరు తెలియకపోతే "పేరు తెలియదు, ఫలానా ఊళ్లో ఇచ్చారు" అనైనా రాయండి.

ఈ సంచి అవసరం ఏమిటంటే, "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే మనకి గుర్తొచ్చేవి బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల, గ్యాస్ బిళ్ల. ఆకు మన లెక్కలో మందు కాదు. 2021లో, కరోనా రెండో అల సద్దుమణిగిన రోజుల్లో, మా పిన్నికి కళ్లు పచ్చబడితే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టర్ ఆ ప్రశ్న మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ "థైరాయిడ్ బిళ్ల తప్ప ఇంకేం లేవండీ" అంది. ఇంటికొచ్చి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళితే, పొయ్యి పక్కన స్టీలు గిన్నెలో వేలెడు వేలెడు తిప్పతీగ ముక్కలు నానుతున్నాయి. రెండు నెలలుగా రోజూ పరగడుపున గ్లాసుడు తాగుతోందట. "ఇది మందేంట్రా, పెరట్లో తీగ!" అంది. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ. నలభై లోపు ఉండాల్సిన అది అప్పటికి తొమ్మిది వందలు దాటింది.

కాబట్టి సంచితోనే మొదలు.

సంచిలో ఉన్నవి మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప వంటింటి మోతాదు: కూరలో పసుపు, రసంలో మిరియం, పప్పులో మెంతి. వీటి జోలికి వెళ్లనక్కర్లేదు. రెండో కుప్ప మందు మోతాదు: రోజూ గ్లాసు కషాయం, చెంచాలకొద్దీ చూర్ణం. మూడోది ఎక్స్‌ట్రాక్ట్‌లు, అంటే ఒక మొక్కలోంచి ఒకే పదార్థాన్ని పిండి క్యాప్సూల్లో కూరినవి. లివర్ డాక్టర్లు ఇప్పుడు ఎక్కువగా చికాకు పడేది ఈ మూడో కుప్పని చూసే.

పసుపునే తీసుకోండి, తేడా లెక్కలో తెలుస్తుంది. పసుపు పొడిలో దానికి రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థం సుమారు 3 శాతం. టీస్పూన్ నిండా 3 గ్రాముల పసుపు వేసినా కర్‌క్యుమిన్ 90 మిల్లీగ్రాములే. అదే 95 శాతం కర్‌క్యుమిన్ ఉన్న 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్లో 475. అంటే ఒక్క క్యాప్సూల్ అయిదు టీస్పూన్ల పైమాటే. ఏ పులుసులోనైనా అయిదు స్పూన్ల పసుపు వేసి చూడండి, ఎవరూ నోట పెట్టరు. నాలుకకి చేదు, ఘాటు తెలిసేది ఇందుకే. క్యాప్సూల్ ఆ కాపలాదారుణ్ణి దాటేసి లోపలికి పోతుంది.

దాని మీద మిరియం. డబ్బా మీద "పైపరిన్‌తో" అని గొప్పగా రాసి ఉంటే అది మిరియాల సారం. కర్‌క్యుమిన్ మామూలుగా రక్తంలోకి పెద్దగా ఎక్కదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్‌క్యుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి మనుషులకి ఇచ్చి చూస్తే, రక్తంలో చేరేది 2,000 శాతం పెరిగింది. ఆ సంఖ్యనే కంపెనీలు ప్రకటనల్లో వాడుకుంటాయి. లివర్ వైపు నుంచి చూస్తే అదే సంఖ్య వేరేగా కనబడుతుంది. అమెరికాలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు నమోదు చేసే వైద్యుల బృందం పసుపు సప్లిమెంట్ల వల్ల వచ్చిన 10 కేసులు 2022లో బయటపెట్టింది. పదిమందిలో ఏడుగురికి హెచ్ఎల్ఏ-బి 35:01 అనే ఒకే రకం జన్యువు ఉంది. గ్రీన్ టీ సారం వల్ల దెబ్బతిన్నవాళ్లలోనూ ఇదే జన్యువు ఎక్కువగా కనబడింది. అది మీకు ఉందో లేదో మీ మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

గ్రీన్ టీ మాట వచ్చింది కాబట్టి: కప్పులో తాగేదానితో భయం లేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పిందేమంటే, అందులోని ఈజీసీజీ అనే పదార్థం సప్లిమెంట్ రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని. బరువు తగ్గే క్యాప్సూల్ వెనక సన్నక్షరాల్లో ఆ పేరుందేమో చూడండి. అదీ ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి ఇంకా ఎక్కువ పడుతుంది.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి తెలుసుకోండి

దీన్ని దాటేయకండి, తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

నోట్లోంచి వెళ్లిన దాదాపు ప్రతి పదార్థమూ పేగుల్లోంచి నేరుగా లివర్‌కే వెళుతుంది. అక్కడి ఎంజైములు దాన్ని విరిచి, మార్చి, నీళ్లలో కరిగి బయటికి పోయేలా చేస్తాయి. చిక్కల్లా ఈ మార్చడంలోనే ఉంది. కొన్ని పదార్థాలు వచ్చినప్పుడు అమాయకంగానే ఉంటాయి. లివరే వాటిని విషంగా మారుస్తుంది. పారాసిటమాల్ ఎక్కువ మింగితే జరిగేది కూడా అదే. ఆ విషాన్ని పట్టి కట్టేయడానికి కణాల్లో గ్లూటాథయోన్ అనే నిల్వ ఉంటుంది. నిల్వ అయిపోతే కణాలే కాలిపోతాయి. ఉపవాసాలుండేవాళ్లకి, సరిగా తిననివాళ్లకి ఈ నిల్వ తక్కువ. తాగుడు అలవాటున్నవాళ్లకీ అంతే.

దీనికి మన పక్కనే జరిగిన ఉదాహరణ ఉంది. 1975-76లో సర్గుజా జిల్లాలో (అప్పుడు మధ్యప్రదేశ్, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్) గిరిజన పల్లెల్లో జనానికి ఉన్నట్టుండి పొట్టలు ఉబ్బి నీరు చేరింది. 67 మంది జబ్బుపడితే 28 మంది చనిపోయారు. తీరా చూస్తే వాళ్లు తినే గోండ్లీలో, అంటే మన సామల్లో, గిలిగిచ్చ జాతి మొక్క గింజలు కలిసిపోయాయి. ఎండిన కాయ ఊపితే గిలకలా మోగే మొక్క. ఆ గింజల్లో ఉండే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు లివర్‌లోకి వెళ్లాకే విషంగా మారి, లివర్ లోపలి సన్న రక్తనాళాల గోడల్ని వాచేలా చేసి మూసేస్తాయి. నీరు పోయే దారి లేక పొట్టలోకి దిగుతుంది. తేలు తోకలా పూలకంకి వంకర తిరిగి ఉండే నాగదంతి మొక్కలోనూ ఈ ఆల్కలాయిడ్లే ఉంటాయి. దాన్ని పుండ్ల మీద పసరుగా వాడే ఊళ్లున్నాయి. లోపలికి మాత్రం పుచ్చుకోకండి. ఇప్పుడు చిరుధాన్యాలు ఫ్యాషన్ అయ్యాయి కదా, సంతలో విడిగా కొంటే చేటలో పోసి చెరగడం మానకండి.

రెండో దారి ఇంకా చిత్రమైనది. మొక్కలో విషం ఉండనక్కర్లేదు. దాన్ని చూసి మన రోగనిరోధక వ్యవస్థ తిరగబడి సొంత లివర్‌నే శత్రువనుకుంటుంది. తిప్పతీగ కథ ఇదే. 2021లో ముంబై వైద్యులు మొదట ఆరు కేసులు ప్రచురించారు. ఆ తర్వాత హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు ముందుండి దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 కేసులు పోగుచేశారు. 2022లో అచ్చయిన ఆ వ్యాసం ప్రకారం తాగడం మొదలుపెట్టిన నెలన్నర అటూ ఇటూగా లక్షణాలు బయటపడ్డాయి. చాలామందిలో సొంత శరీరం మీద దాడి చేసే యాంటీబాడీలు కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ మాత్రం ఒప్పుకోలేదు. వాడింది అసలైన తిప్పతీగేనా, అలాగే ఉండే ఇంకో జాతా అని అడిగింది. ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. ఎందుకు కాదో కింద చెబుతాను.

రోగనిరోధక శక్తి పెంచుతుందని కదా తిప్పతీగ తాగేది! పెంచుతుందనే అనుకుందాం. కొన్ని రకాల థైరాయిడ్, లూపస్, కీళ్లవాతం లాంటి జబ్బుల్లో అది ఇప్పటికే మన మీదే కత్తి దూస్తోంది. మా పిన్ని విషయంలో థైరాయిడ్ బిళ్ల గురించి చెప్పింది కానీ తీగ గురించి చెప్పలేదు. రెండూ పక్కపక్కన పెడితే కానీ డాక్టర్‌కి బొమ్మ కుదరలేదు.

మొక్కని మొక్కగా చూడకుండా నోట పెట్టకండి

ఎండబెట్టి దంచాక ఏ ఆకైనా ఒకటే. పచ్చగా ఉన్నప్పుడే ఆకు, కాండం, పువ్వు, కాయ ఫొటోలు తీసి, తెలిసినవాళ్లకి చూపించాకే ముందుకెళ్లండి. అసలు తిప్పతీగకి ఆకు నున్నగా, తమలపాకు ఆకారంలో ఉంటుంది. దాని చుట్టం ఒకటి, టినోస్పోరా క్రిస్పా, కాండం నిండా పులిపిర్లలాంటి బుడిపెలతో ఉంటుంది. అది లివర్‌కి చేటు చేస్తుందని ముందే పేరుంది. బుడిపెలు చేతికి తగిలితే వదిలేయండి. నున్నగా ఉంటే నిశ్చింతగా తాగమని దీని అర్థం కాదు.

పసుపు పూల మొక్కల దగ్గర పొరపాటు ఇంకా సులువు. బతుకమ్మకి కోసే తంగేడు, దిబ్బల మీద మొలిచే కసింద రెండూ ఒకే కుటుంబం. తంగేడుకి చిన్న చిన్న మొద్దు ఆకులు ఎనిమిది జతలకు పైగా ఉంటాయి. కసిందకి నాలుగైదు జతలే, కొనలు వాడిగా, నలిపితే కంపు. కసింద గింజల మీద నిర్లక్ష్యం పనికిరాదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం ముందు పిల్లల్ని చంపుతూ వచ్చిన "మెదడువాపు" నిజానికి ఈ కాయలు తినడం వల్ల లివర్, కండరాలు, మెదడు మూడూ దెబ్బతినడమని 2007 ప్రాంతంలో వైద్యులు తేల్చారు. 2016లో మన అల్లూరి జిల్లా సరిహద్దుకు అవతలే ఉన్న ఒడిశా మల్కన్‌గిరిలో పిల్లలు వరసగా చనిపోతే, వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ బృందం వెళ్లి అక్కడా కసిందనే వేలెత్తి చూపింది. ఆకలేసిన పిల్లలు పచ్చి కాయలు కోసుకు తిన్నారు. పెరట్లో, బడి గోడ పక్కన కసింద ఉంటే కాయ పట్టకముందే పీకించేయండి.

బొల్లి మచ్చలకి వాడే బావంచాల గురించి ఒక్క మాట: లోపలికి వాడినవాళ్లలో లివర్ జబ్బు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. సొంతంగా కొని వాడే సరుకు కాదది.

డబ్బా వెనక చదవండి

ఆయుర్వేద మందుకి తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమేం ఉన్నాయో జాబితా ఉండాలి. లైసెన్స్ నంబరు బదులు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు ఉంటే అది మందుగా కాదు, ఆహారంగా అమ్ముతున్న సరుకు. ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, ముష్టి లాంటివి కలిస్తే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక వేయాలని చట్టం. ఆ విషాల జాబితాలో తిప్పతీగ లేదు, పసుపూ లేదు. కాబట్టి హెచ్చరిక లేకపోవడాన్ని భరోసాగా తీసుకోకండి. జాబితాయే లేని సీసా అయితే సింకులో పోయండి.

ఎవరు అసలు మొదలే పెట్టకూడదు?

టీబీ మందులు వాడుతున్నవాళ్లు (ఆ మందులే లివర్ మీద భారం), కీళ్లవాతం, సోరియాసిస్‌లకి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు, మూర్ఛ మందులవాళ్లు, ఫ్యాటీ లివర్ లేదా హెపటైటిస్ ఉందని తెలిసినవాళ్లు, పైన చెప్పిన లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, రోజూ మందు కొట్టేవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు. మిరియం, పిప్పలి సారాలు ఇతర మందుల్ని కూడా రక్తంలో పెంచుతాయి, మూర్ఛకి వాడే ఫెనిటోయిన్ అందులో ఒకటి. ఈ జాబితాలో మీరుంటే డాక్టర్‌ని అడగకుండా రెండో కుప్ప, మూడో కుప్ప ముట్టుకోకండి.

అయినా వాడతానంటే

వద్దంటే వినే కుటుంబం కాదు మాది, మీదీ కాకపోవచ్చు. అలాంటప్పుడు ఇలా చేయండి. ఒకేసారి ఒకటే మొదలుపెట్టండి. అయిదు రకాలు కలిపి తాగితే దేనివల్ల ఏమైందో దేవుడికి కూడా తెలియదు. మొదలుపెట్టిన తేదీ గోడ క్యాలెండర్ మీద పాలలెక్క పక్కన రాయండి. మొదలుపెట్టేముందు ఒకసారి లివర్ పనితీరు చెప్పే ఎల్‌ఎఫ్‌టీ రక్తపరీక్ష చేయించి కాగితం దాచండి. నెలకి మళ్లీ ఒకసారి, ఇంకా వాడుతుంటే ఇంకో నెలకి మరోసారి. ఆపే తేదీ కూడా ముందే రాసుకోండి. "మంచిదేగా, ఉండనీ" అని సాగుతూ పోయేవే ఎక్కువ చేటు చేస్తాయి.

కాగితంలో చూడాల్సినవి ఎస్‌జీపీటీ, కళ్లు పచ్చబడటానికి కారణమయ్యే బిలిరుబిన్. ఎస్‌జీపీటీ పైహద్దు చాలా ల్యాబుల్లో 40 అటూ ఇటూ. అది 60 అయిందని కంగారుపడక్కర్లేదు, ఫ్యాటీ లివర్ ఉన్నా అంత ఉంటుంది. అలాగని తాగడం కొనసాగించనూ వద్దు. హద్దుకి మూడు రెట్లు దాటి, దాంతోపాటు బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే అది అత్యవసరం. అమెరికన్ వైద్యుడు హైమన్ జిమ్మర్‌మన్ గమనించినదాని ప్రకారం మందుల వల్ల ఈ రెండూ కలిసి పెరిగినవాళ్లలో పదిమందిలో కనీసం సుమారు ఒకరికి ప్రాణాపాయం ఉంటుంది. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష కూడా అప్పుడు చేస్తారు. అది పెరిగితే లివర్ చేతులెత్తేస్తోందని.

ఒంట్లో ఏం కనిపెట్టాలి

కళ్లు పచ్చబడేదాకా ఆగితే ఆలస్యమే. అంతకు ముందే అన్నం చూస్తే వెగటు, వికారం, నీరసం, కుడి డొక్కలో బరువు, రాత్రిళ్లు అరచేతులు అరికాళ్లు దురద. మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకి తిరుగుతుంది, మలం రంగు వెలిసిపోతుంది. కళ్లు చూసేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద చూడకండి. మా పిన్నిని మేం మూడు రోజులు రాత్రిపూటే చూసి బాగానే ఉందనుకున్నాం. నాలుగోరోజు పొద్దున్నే గుమ్మంలో ముగ్గు వేస్తూ తల ఎత్తింది, కళ్లు పచ్చగా ఉన్నాయని పాలబ్బాయి చెప్పాడు. వాకిట్లో ఎండవెలుగులో, కింది రెప్ప కాస్త లాగి, తెల్లగుడ్డు చూడండి. మాట తడబడుతున్నా, పగలంతా నిద్రపోతున్నా, పొట్ట ఉబ్బుతున్నా, చిగుళ్లలోంచి రక్తం వస్తున్నా గంటలు లెక్కపెట్టకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.

కామెర్లకి పసరు మాట

ఇక్కడే అసలు గొడవ. కళ్లు పచ్చబడగానే మన ఊళ్లలో కాళ్లు పసరు మందు ఇచ్చే ఊరివైపు నడుస్తాయి. మూడు ఉదయాలు పసరు, ఉప్పు లేని పత్యం, కొన్నిచోట్ల చేతికి వాత. నెలకి కామెర్లు పోతాయి, పసరుకి పేరొస్తుంది. కామెర్లకి ఎక్కువగా కారణమయ్యే హెపటైటిస్-ఎ, ఇ వైరస్‌లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా, తాగకపోయినా. మిగిలిన కొద్దిమందికి పిత్తనాళంలో రాయో, బి వైరసో, గడ్డో ఉంటే ఆ నెల వృథా అవుతుంది. గర్భిణికి ఇ వైరస్ అయితే ఒక్కో రోజూ విలువైనదే. ఇక ఆకు వల్లే వచ్చిన కామెర్లకి మరో ఆకు పసరు పోస్తే ఏం చెప్పాలి?

నేల ఉసిరి గురించి అడుగుతారు కాబట్టి: హెపటైటిస్-బి మీద అది పనిచేసిందని 1988లో మద్రాసు పరిశోధకులు రాసినప్పుడు ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరేచోట్ల చేసినవాళ్లకి ఆ ఫలితం రాలేదు. పసరు ఇచ్చేవాళ్లంతా మోసగాళ్లని నేననను. చాలామంది డబ్బు కూడా తీసుకోరు. కానీ వాళ్ల దగ్గర రక్తపరీక్ష లేదు. ముందు వైరస్ పరీక్షలు, పొట్ట స్కానింగ్ చేయించండి. ఆకు వల్ల వచ్చిన జబ్బుని నేరుగా పట్టిచ్చే పరీక్ష ఏదీ లేదు. మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాకే డాక్టర్ ఆ మాట అంటారు. సంచి పక్కన ఉంటే అక్కడికి త్వరగా వస్తారు.

ఆపాక మళ్లీ మొదలుపెట్టకండి

అనుమానం వచ్చిన రోజే అన్నీ ఆపండి. డాక్టర్ రాసిన రోజువారీ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకుండా ఫోన్ చేసి అడగండి. ఎక్కువమందికి ఆపితే చాలు, వారాల్లో అంకెలు దిగుతాయి. కొందరికి స్టెరాయిడ్లు కావాలి. పిన్నికి కావలసి వచ్చాయి, మూడు నెలలు పట్టింది. తగ్గాక ఓ రోజు "సగం గ్లాసు తాగితే ఏమవుతుందిలే" అంది. శరీరానికి ఆ పదార్థం ఒకసారి శత్రువుగా గుర్తుండిపోతే రెండోసారి సగం గ్లాసుకే మొదటిసారి కంటే వేగంగా, గట్టిగా విరుచుకుపడొచ్చు. ఈ మాట నేను చెబితే వినలేదు. డాక్టర్ చీటీ మీద పెద్దక్షరాలతో "తిప్పతీగ వద్దు" అని రాయించి ఫ్రిజ్‌కి అంటించాం.

చివరి పని, ఎవరూ చేయనిది: ఫిర్యాదు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. రోగి కానీ బంధువు కానీ చెప్పొచ్చు. ఏం వాడారు, ఎన్నాళ్లు, ఎంత, రిపోర్టుల్లో ఏముంది అని అడుగుతారు, క్యాలెండర్ చూసి చెప్పండి. వాడిన మొక్క మిగిలి ఉంటే పారేయకండి. ఆకులున్న కొమ్మని పాత పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే రెండు రోజుల్లో కుళ్లి, అది ఏ మొక్కో వృక్షశాస్త్రం చదివినవాళ్లు కూడా చెప్పలేకుండా అవుతుంది. మా ఇంట్లో జరిగింది అదే.